ఆఫర్ చేతిలో లేకుండా పేపర్ (రాజీనామా) వేయొచ్చా? నైట్ షిఫ్ట్, 90 రోజుల నోటీసు, ఫ్లాట్ ఈఎంఐ

నిద్రలేని_టెస్టర్

వయసు 32. హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో పని. మాన్యువల్ టెస్టింగ్ అని తీసుకున్నారు, ప్రాజెక్ట్ అయిపోయాక ప్రొడక్షన్ సపోర్ట్‌లో, అంటే క్లయింట్ దగ్గర నడుస్తున్న సిస్టం ఆగితే చూసే పనిలో పడేశారు. చేరింది 2021 జూలై 12న, అప్పట్లో ఇంటి నుంచే. ఇప్పుడు వారానికి ఐదు రోజులూ ఆఫీసే, సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజాము 3:30 దాకా. రెండేళ్ళుగా ఇదే షిఫ్ట్. రొటేషన్ ఉంటుందన్నారు. తిరుగుతున్నవి క్యాబ్ చక్రాలే.

మొన్న మంగళవారం రాత్రి రెండింటికి క్లయింట్ దగ్గర పేమెంట్ పేజీ ఆగిపోయింది. అందరూ కలిసే బ్రిడ్జి కాల్‌లో పద్నాలుగు మంది. పని చేసేది నేనూ, ఇంకో కుర్రాడూ. మిగతా పన్నెండు మందీ పావుగంటకోసారి "ఎనీ అప్‌డేట్?" అంటారు. తప్పు డేటాబేస్ వైపు ఉందని 2:40కే చెప్పాను. ఆరింటికి వాళ్ళూ అదే తేల్చారు. ఇంటికొస్తుంటే లిఫ్ట్‌లో పాలవాడు ఎదురయ్యాడు. మధ్యాహ్నం లేచి చూస్తే మేనేజర్ మెయిల్: "ఓనర్‌షిప్ కనిపించలేదు."

ఇది చాలదన్నట్టు మా పాపని స్కూల్లో "మీ ఇంట్లో ఎవరేం చేస్తారు" అని బొమ్మలు గీయమన్నారట. అమ్మని బోర్డు దగ్గర గీసింది. అమ్మమ్మని పొయ్యి దగ్గర. నన్ను మంచం మీద, దుప్పటి మెడదాకా కప్పి. కింద టీచర్ రాసింది, డాడీ స్లీప్స్ అని.

లెక్కలు చెప్తాను. చేతికొచ్చేది 64,000. బాచుపల్లి ఫ్లాట్ ఈఎంఐ 31,000. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, 22,000. బ్యాంకులో 3 లక్షల 40 వేలు ఉన్నాయి. నాన్న తెనాలిలో ఉంటారు, 71 ఏళ్ళు, షుగర్. పోయినేడు స్టెంట్ వేశారు, అది కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే అయింది.

అసలు చిక్కు ఇక్కడ. ఉద్యోగంలో ఉండి వెతుకుదామంటే, నోటీసు 90 రోజులనగానే అవతల ఫోన్ పెట్టేస్తున్నారు. అందరికీ ఇమ్మీడియట్ జాయినర్లే కావాలి. పేపర్ వేసేసి నౌకరీ సైట్ ప్రొఫైల్‌లో నోటీసులో ఉన్నానని పెడితే కాల్స్ వస్తాయంటున్నారు. వేశాక ఆ 90 రోజుల్లో ఏమీ రాకపోతే? ఇలా చేసినవాళ్ళు చెప్పండి. ధైర్యంగా ఉండు లాంటివి వద్దు, అవి ఇంట్లో చాలా ఉన్నాయి.

ఈఎంఐ_దాసు

ఆ బొమ్మ ఫ్రేమ్ కట్టించి మేనేజర్ డెస్క్ మీద పెట్టు బ్రో. కనీసం మంచానికైనా ఓనర్‌వి నువ్వేగా.

మియాపూర్_మూర్తి

వేయొద్దు. 2001లో చూశాను, 2008లో చూశాను, ఇప్పుడు చూస్తున్నాను. మార్కెట్ బాగాలేనప్పుడు మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకోకూడదు. నోటీసు ఎక్కువని పది మంది వద్దంటే పదకొండోవాడు ఆగుతాడు. వాడు దొరికేదాకా వెతకాలి, అంతే.

గోదారి_గట్టు

మూర్తిగారూ, 2008లో 90 రోజుల నోటీసు ఎన్ని కంపెనీల్లో ఉంది చెప్పండి. పదకొండోవాడు ఆగుతాడనేది అప్పటి లెక్క. ఇప్పుడు రిక్రూటర్ ముందు రెండొందల రెజ్యూమేలుంటాయి, అందులో యాభై మంది రేపే వస్తామంటారు. వాడు మన కోసం ఎందుకు ఆగాలి?

నేను ఆఫర్ లేకుండానే వేశాను, 2024లో. వేసిన నలభై రోజుల దాకా ఒక్క కాల్ లేదు. లాస్ట్ వర్కింగ్ డే ఇంకా నెల ఉందనగా మొదలయ్యాయి, వారంలో ఆరు. ఒకటి కుదిరింది. జీతం పాతదానికన్నా నెలకి నాలుగు వేలు తక్కువే. పగటి పని. ఇప్పుడు పొద్దున్నే చెరువు చుట్టూ నడుస్తున్నాను, షుగర్ టెస్ట్ కూడా నార్మల్ వచ్చింది. కానీ నాకు ఈఎంఐ లేదు, పెళ్ళి కాలేదు. అది దాచి సలహా ఇస్తే పాపం.

ఈఎంఐ_దాసు

చెరువు చుట్టూ నడుస్తున్నావా? హైదరాబాద్‌లో చెరువు ఎక్కడ మిగిలింది అన్నా, లొకేషన్ పెట్టు.

పాత_బెంచి

నాది రెండో రకం కథ. పూర్తిగా చెప్తాను, ఎందుకంటే ఇలాంటివి ఎవరూ లింక్డిన్‌లో రాయరు.

2023 ఏప్రిల్‌లో మేనేజర్‌తో మాట మాట పెరిగి ఆ రాత్రే పేపర్ వేశాను. సపోర్ట్‌లోనే ఉండేవాణ్ణి, ఏడేళ్ళ ఎక్స్‌పీరియన్స్. మూడు నెలల నోటీసు ఉంది కదా, ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలే అనుకున్నాను. అందులో మొదటి నెల కోపం తగ్గడానికే సరిపోయింది. రెండో నెల రెజ్యూమే రాశాను. మూడో నెలలో ఇంటర్వ్యూలకి వెళ్తే తెలిసింది, ఏడేళ్ళలో నేను నేర్చుకుంది ఆ ఒక్క క్లయింట్ సిస్టం మాత్రమేనని. "ఆటోమేషన్ చేశారా?" "లేదు." "ఏపీఐ టెస్టింగ్?" "కొంచెం." ఆ కొంచెం అనే మాట దగ్గరే ఇంటర్వ్యూ అయిపోయేది.

పదకొండు నెలలు ఖాళీ. ఆరో నెలలో మా ఆవిడ బీరువా తాళం నాకిచ్చి తను వంటింట్లోకి వెళ్ళిపోయింది. గాజులూ, హారమూ పట్టుకెళ్ళి తాకట్టు పెట్టాను. కౌంటర్లో అమ్మాయి గాజుని గీటురాయి మీద గీసి యాసిడ్ చుక్క వేస్తుంటే చూడలేక, గోడ మీది వడ్డీ రేట్ల బోర్డు మూడుసార్లు చదివాను.

చివరికి దొరికింది. జీతం ముప్పై శాతం తక్కువ. గాజులు విడిపించాను, హారం ఇంకా అక్కడే ఉంది.

టెస్టర్ గారూ, వేయాలా వద్దా అన్నది నేను చెప్పను. కోపం మీద మాత్రం వేయకండి. ఆ ఓనర్‌షిప్ మెయిల్ వచ్చి ఎన్ని రోజులైంది?

నిద్రలేని_టెస్టర్

నాలుగు రోజులు. మీరు అడిగాక అర్థమైంది ఎందుకు అడిగారో.

అమీర్‌పేట_అలుమ్ని

గ్యాప్ కనబడకుండా ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చేవాళ్ళు మైత్రీవనం చుట్టుపక్కల ఒకప్పుడు ఉండేవాళ్ళు, ఇప్పుడు

హెచ్‌ఆర్_అక్క

అలుమ్ని, ఆ వాక్యం అక్కడే ఆపినందుకు సంతోషం. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా జమ అయిందో అంతా కనబడుతుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు ముందు అడిగేది అదే. చేరిన ఆరు నెలలకి దొరికిపోయినవాళ్ళని నేనే బయటికి పంపాను.

టెస్టర్ గారూ, మీ పోస్టులో అందరూ వదిలేసిన విషయం ఒకటుంది. చేరింది 2021 జూలై 12. అంటే ఈ జూలైకి ఐదేళ్ళు. గ్రాట్యుటీ గురించి, అంటే ఐదేళ్ళు చేసి మానేస్తే కంపెనీ ఇచ్చే డబ్బు గురించి ఆలోచించారా? బేసిక్ ఎంత?

నిద్రలేని_టెస్టర్

బేసిక్ 30,000 మేడం. గ్రాట్యుటీ రిటైరయ్యేవాళ్ళకనుకున్నాను.

హెచ్‌ఆర్_అక్క

చాలామంది అలాగే అనుకుని నాలుగేళ్ళ పదో నెలలో వెళ్ళిపోతారు, కంపెనీకి ఆదా.

లెక్క తేలికే. ఆఖరి నెల బేసిక్‌ని 26తో భాగించి, 15తో గుణించి, పనిచేసిన సంవత్సరాలతో గుణించాలి. మీకు ఐదేళ్ళకి 86,500 పైచిలుకు. కొత్త లేబర్ కోడ్లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. అందులో వేతనం అంటే ఏమిటన్నది మారింది కాబట్టి ఇంకొంచెం పెరగొచ్చు. మీ కంపెనీ జీతం ముక్కలు ఎలా మార్చిందో పేస్లిప్‌లో చూడండి.

అంటే పేపర్ ఇవాళ వేస్తే మే నెలలో బయటికి వస్తారు, ఆ డబ్బు అక్కడే వదిలేసి.

వరంగల్_పిల్ల

నాలుగేళ్ళ 240 రోజులు చాలు కదా అక్కా? మా టీమ్‌లో ఒకాయనకి అలాగే ఇచ్చారు. ఆయన లెక్కన వీళ్ళకి మార్చి రెండో వారానికే అయిపోతుంది.

హెచ్‌ఆర్_అక్క

ఇచ్చే కంపెనీలున్నాయి. మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి ఆ వైపు ఉంది. కానీ ఐదేళ్ళు నిండాల్సిందే అని పట్టుబట్టే కంపెనీలూ ఉన్నాయి, అప్పుడు మీరు లేబర్ ఆఫీసు చుట్టూ తిరగాలి. 86 వేల కోసం తిరుగుతారా? తిరగరు. వాళ్ళకీ ఆ సంగతి తెలుసు.

గోదారి_గట్టు

అయితే ఏప్రిల్ మూడో వారంలో వేస్తే? 90 రోజులు లెక్కేస్తే జూలై 12 దాటుతుంది. నోటీసులో ఉన్నన్నాళ్ళూ సర్వీసులో ఉన్నట్టే కదా. గ్రాట్యుటీకి గ్రాట్యుటీ, కాల్స్‌కి కాల్స్.

హెచ్‌ఆర్_అక్క

తెలివైన లెక్కే, నేనూ అదే చెప్పబోయాను. రెండు గుంటలున్నాయి. ఒకటి, కంపెనీయే ముందుగా రిలీవ్ చేసేయొచ్చు. క్లయింట్ బిల్లింగ్ లేనివాణ్ణి మూడు నెలలు ఎందుకు కూర్చోబెట్టాలని 30 రోజుల్లో పంపేసిన సందర్భాలు నా చేతుల మీదే జరిగాయి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గురించిన పేరా మొత్తం చదవండి, మొదటి లైనే కాదు. రెండు, ఏప్రిల్‌లో హైక్ లెటర్లొస్తే నోటీసులో ఉన్నవాళ్ళకి సాధారణంగా ఇవ్వరు. హైక్ లేకపోతే కొత్త కంపెనీ కూడా పాత జీతం మీదే బేరమాడుతుంది.

డాలస్_బావ

మీకు 90 రోజుల నోటీసు శాపంలా ఉంది. ఇక్కడ రెండు వారాలు, అదీ మర్యాద కోసం. వాళ్ళు తీసేస్తే అదీ లేదు. పొద్దున్నే కాఫీ కలుపుకుంటూ లాగిన్ అయితే పాస్‌వర్డ్ తీసుకోలేదు, తప్పు కొట్టానేమో అని నాలుగుసార్లు కొట్టాను. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి ఆ రోజు నుంచి 60 రోజులు. ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేకపోతే సామాను సర్దుకోవాలి. నాకు 52వ రోజున దొరికింది. అప్పటికే కారు అమ్మకానికి పెట్టేశాను.

అమెరికా వచ్చెయ్ అనే సలహా కూడా ఇప్పుడు నోట్లోంచి రావట్లేదు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజన్నారు. ఆ ఫీజు కట్టి మాన్యువల్ టెస్టర్‌ని ఎవరు తెచ్చుకుంటారు?

ఈఎంఐ_దాసు

బావా, లక్ష డాలర్లుంటే మనమే కంపెనీ పెట్టి డాలస్ వాళ్ళని మాదాపూర్ తెప్పించుకుందాం. నైట్ షిఫ్ట్ వాళ్ళకి వేద్దాం.

పాశమైలారం_క్యూసీ

చదివినంత సేపు చదివిన, ఇక చెప్పాలనిపించింది. నేను ఫార్మా కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్ష) కెమిస్ట్‌ని. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, తొమ్మిదేళ్ళు. చేతికి 34,000. మాకు ఎ, బి, సి అని మూడు షిఫ్టులు వారం వారం తిరుగుతయి. అంటే శరీరానికి ఏ షిఫ్టూ అలవాటు కాదు. మందుని పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మిషన్ ముందు పన్నెండు గంటలు, గ్రాఫ్‌ల ఒక్క పీక్ తేడా వస్తే ఇన్వెస్టిగేషన్, ఎందుకు తేడా వచ్చిందో నాలుగు పేజీలు రాయాలి. పేపర్ వేస్తే ఆడిట్ ఉంది, అయ్యేదాక ఆగు అంటరు. ఆడిట్ ఎప్పుడు లేదు?

మీ 64 వేలు, ఏసీ క్యాబ్ చూస్తే ఇదేం బాధ అనిపించింది ముందు. ఆ పాప బొమ్మ దగ్గర ఆగిన. మావాడు నన్ను ఇంకా గీయలే.

నిద్రలేని_టెస్టర్

అన్నా, పోల్చుకుంటే నాది బాధే కాదు. రాయడానికి కొంచెం సిగ్గేసింది కూడా.

పాశమైలారం_క్యూసీ

సిగ్గెందుకు తమ్మీ. ఎవరి చెప్పు ఎక్కడ కరుస్తదో వాళ్ళకే తెలుస్తది. ఇంతకీ నీకు నచ్చనిది పనా, షిఫ్టా, ఆ మేనేజరా? మూడూ కలిపి ఉద్యోగం అంటున్నవ్.

ఉషోదయం_ఉప్మా

క్యూసీ గారి ప్రశ్న ఎవరూ దాటేయకండి.

మావారు ఆరేళ్ళు యూకే షిఫ్ట్, రెండేళ్ళు యూఎస్ షిఫ్ట్. యూఎస్ షిఫ్ట్‌లో ఉన్నప్పుడు మా ఇంట్లో పగలు కుక్కర్ విజిల్ వేయకూడదు. పిల్లలు గుసగుసగా పోట్లాడుకునేవాళ్ళు, మీరెప్పుడైనా విన్నారా? నవ్వొస్తుంది కానీ నవ్వకూడదు, ఆయన లేస్తారు. ఆయనా ఉద్యోగం మానేస్తాననే మొదలెట్టారు. నేను ఒక్క మాటే అన్నాను, మానేయడం చివరికి చేద్దాం, ముందు షిఫ్ట్ మార్చమని అడిగావా? అడగలేదట. "అడిగినా ఇవ్వరు" అట. ఇవ్వరని ఎవరు చెప్పారంటే టీమ్‌లో ఒకబ్బాయి. ఆ అబ్బాయీ అడగలేదు!

అడిగితే ఐదు నెలలకి మార్చారు. అదే కంపెనీ, అదే జీతం. ఇప్పుడు ఆయనకి ఆ కంపెనీ మీద ఏ కోపమూ లేదు, మేనేజర్ పెళ్ళిరోజుకి స్వీట్లు కూడా పంపించారు.

టెస్టర్ గారూ, మీరు అడిగారా?

నిద్రలేని_టెస్టర్

నోటితో రెండుసార్లు. "చూద్దాం, క్వార్టర్ అయ్యాక" అన్నారు. ఏ క్వార్టరో చెప్పలేదు.

క్యూసీ అన్న అడిగినదానికి నిన్న రాత్రి బ్రేక్‌లో కూర్చుని ఆలోచించాను. పనితో గొడవ లేదు నిజానికి. ఆ డేటాబేస్ తప్పు పట్టుకున్నప్పుడు, రెండున్నరకే అయినా, లోపల ఒక సంతోషం ఉంది. షిఫ్ట్ చంపుతోంది. మేనేజర్ పైన ఉప్పు చల్లుతున్నాడు.

మేనేజర్నే_చంపకండి

ఈ వేదికలో నా జాతి వాళ్ళకి గౌరవం లేదని తెలిసే వచ్చాను. పదహారేళ్ళ సర్వీసు, ముప్పై ఎనిమిది మంది టీమ్. అటు నుంచి ఎలా ఉంటుందో చెప్తాను, తిట్లు తర్వాత.

నోటితో అడిగింది నా తలలో సాయంత్రానికి ఉండదు. మెయిల్ పెడితే ఉంటుంది, ఎందుకంటే రేపు మీరు మానేస్తే "అడిగాడు, నువ్వేం చేశావ్" అని నన్ను పైవాళ్ళు అడుగుతారు. మెయిల్‌లో ఏడుపు వద్దు. ఎంత కాలంగా నైట్‌లో ఉన్నారు, ఏ తేదీ నుంచి పగటి షిఫ్ట్ కావాలి, మీ స్థానంలోకి వచ్చేవాడికి ఎన్ని వారాలు నేర్పిస్తారు. మూడు లైన్లు. మూడోదే మేనేజర్‌ని కదిలిస్తుంది. మాకు మీరు వెళ్తే బాధ కాదు, నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ లేకుండా వెళ్తే బాధ. డాక్టర్ దగ్గర నిద్రకి సంబంధించిన కాగితం ఉంటే జత చేయండి, అది హెచ్‌ఆర్ దాకా వెళ్తుంది.

ఇంకోటి, ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్స్ చూడండి. అదే కంపెనీలో ఇంకో ప్రాజెక్ట్‌కి వెళ్తే 90 రోజులూ లేవు, గ్రాట్యుటీ గొడవా లేదు.

ఆ ఓనర్‌షిప్ మెయిల్ చెత్త మెయిల్. అది ఒప్పుకుంటాను. అలాంటిది నేనూ ఒకసారి పెట్టాను.

పాత_బెంచి

ఎవరికి పెట్టారో ఊరు, పేరు చెప్పండి సార్. 2023 ఏప్రిల్ అయితే కాదు కదా?

మేనేజర్నే_చంపకండి

కాదు బాబూ! 2019, చెన్నై. చెక్ చేసుకుని చెప్తున్నాను.

ఈఎంఐ_దాసు

ఈ రోజు ఈ థ్రెడ్‌కి ఇదే క్లైమాక్స్ అనుకున్నాను, మిస్ అయింది.

మళ్ళీ_ప్రిలిమ్స్

జాబ్ మానేసి గ్రూప్స్ రాద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే నన్ను చూడండి. 2022లో తెలంగాణ గ్రూప్-1, 503 పోస్టులు. ఆరు నెలల పని అనుకుని రిజైన్ చేశాను. అక్టోబరులో ప్రిలిమ్స్ రాశాను, పేపర్ లీకై రద్దు. 2023 జూన్‌లో మళ్ళీ రాశాను, హైకోర్టు రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, మూడోసారి ప్రిలిమ్స్. అశోక్‌నగర్ రూమ్‌లో మూడేళ్ళలో రూమ్మేట్లు పదకొండు మంది మారారు, నేనూ ఆ ఫ్యానూ మారలేదు. మానేసినందుకు బాధ లేదు. ఆరు నెలలు అని ఇంట్లో చెప్పినందుకు బాధ.

మియాపూర్_మూర్తి

ఒక లెక్క వేశాను. టెస్టర్ గారి ఇంట్లో ఈఎంఐ 31,000, ఇల్లు గడవడానికి ఓ 30,000 అనుకుందాం. భార్య జీతం 22,000 వస్తుంది కాబట్టి నెలకి 39,000 లోటు. 3 లక్షల 40 వేలు అంటే ఎనిమిదిన్నర నెలలు. పైకి బాగానే కనబడుతోంది. జూన్‌లో పాప ఫీజు, తండ్రిగారి మందులు తీస్తే ఆరు. ఈఎంఐ వరసగా 90 రోజులు దాటి ఆగితే బ్యాంకు దాన్ని మొండి బాకీ కింద రాస్తుంది. ఆ దాకా రానివ్వకూడదు. అంటే గట్టిగా ఐదు నెలలు.

నేను వేయొద్దన్నాను, ఇంకా అదే అంటున్నాను. గోదారి గట్టు గారు నోటీసు గురించి అన్నది మాత్రం నిజం, ఈ 90 రోజుల సంగతి మా రోజుల్లో లేదు.

గోదారి_గట్టు

మూర్తిగారు ఒప్పుకున్నారు, స్క్రీన్‌షాట్ తీశాను.

లెక్కలో ఒకటి వదిలేశారు. నోటీసు మూడు నెలలూ జీతం వస్తుంది. ఆ మూడు నెలలు కలుపుకోండి.

సన్‌రైజ్_శాస్త్రి

పీఎఫ్ ఉంది కదా, అది తీసుకుని నడిపించొచ్చుగా?

హెచ్‌ఆర్_అక్క

శాస్త్రిగారూ, తీయొచ్చు, కానీ తీయొద్దు. మొత్తం సర్వీసు ఐదేళ్ళు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. టెస్టర్ గారికి ముందు కంపెనీ ఉండే ఉంటుంది, ఆ పీఎఫ్ ఇదే యూఏఎన్ (పీఎఫ్ నంబరు)కి ట్రాన్స్‌ఫర్ అయితే ఆ సర్వీసూ కలుస్తుంది. అయిందో లేదో ఇవాళే పోర్టల్లో చూసుకోండి. మానేశాక పాత కంపెనీ వాళ్ళ వెంట పడటం కంటే ఇప్పుడు పడటం మేలు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అనలేదు. గ్రూప్ పాలసీ సాధారణంగా లాస్ట్ వర్కింగ్ డేతో అయిపోతుంది. స్టెంట్ ఉన్న నాన్నగారికి కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మానేయకముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీని అడిగి వ్యక్తిగత పాలసీకి మారే వీలు చూడండి. ప్రీమియం గట్టిగానే చెప్తారు. వ్యక్తిగత హెల్త్ పాలసీలకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు, ఆ 18 శాతం ఊరట.

వరంగల్_పిల్ల

నాన్నగారికి 71 అన్నారు కదా, 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు ఉంది. ఆదాయంతో పని లేదు, ఏడాదికి 5 లక్షల దాకా. 2024 అక్టోబరు చివర్లో మొదలైంది. మా తాతయ్యకి ఆధార్ పట్టుకెళ్ళి చేయించాను. వేలిముద్రలు అరిగిపోయి పడలేదు, ముఖం ఫోటోతో అయింది. దగ్గర్లో ఏ ఆస్పత్రులు లిస్టులో ఉన్నాయో ముందే చూసుకోండి.

నిద్రలేని_టెస్టర్

ఇది నాకు అస్సలు తెలియదు. నాన్నకి ఫోన్ చేశాను. "నాకు కార్డెందుకురా, నీ ఉద్యోగం ఉందిగా" అన్నారు. ఏం చెప్పాలో తోచక, సరే ఆధార్ ఎక్కడుందో చూడండి అన్నాను.

అమీర్‌పేట_అలుమ్ని

ఈసారి మంచి మాటే చెప్తాను. మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే ఉంటే మార్కెట్ బాగున్నా కష్టమే. మూడు నెలలు కూర్చుంటే ఆటోమేషన్ టూల్స్‌లో ప్లేరైటో సెలీనియమో ఒకటి వస్తుంది, దానికి కాస్త జావా కానీ పైథాన్ కానీ. పోస్ట్‌మన్‌లో ఏపీఐ టెస్టింగ్ వారం పని. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీలు సొంతంగా పెట్టుకున్న సెంటర్లు పెరిగాయి, వాళ్ళు అడిగేవి ఇవే. ప్రొడక్షన్ సపోర్ట్ అన్నది తక్కువ చేసి చెప్పుకోకు. అర్ధరాత్రి డేటాబేస్ లాగ్స్ చదివి కారణం పట్టుకున్నవాడికి విలువ ఉంది. రెజ్యూమేలో "టీమ్‌కి సహకరించాను" అని రాసి ఉంటావ్, పందెం.

నిద్రలేని_టెస్టర్

అన్నా నా రెజ్యూమే ఎక్కడ దొరికింది నీకు?

నిద్రలేని_టెస్టర్

ఐదు వారాలైంది, ఏమైందో రాస్తున్నాను. పెద్ద వార్తేం కాదు.

మూడు లైన్ల మెయిల్ పెట్టాను. మేనేజర్ జవాబు ఇవ్వలేదు. వారం ఆగి హెచ్‌ఆర్‌ని కాపీలో పెట్టి మళ్ళీ పెట్టాను. అరగంటలో ఫోన్. మే నుంచి మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 షిఫ్ట్ ఇస్తాం, ఈలోగా ఇద్దరికి నేర్పించాలి అన్నారు. రాతపూర్వకంగా అడిగితే "ప్లాన్ చేస్తున్నాం" అని వచ్చింది. చేస్తామని కాదు. మేనేజర్నే చంపకండి గారు, దీనికి అర్థం ఏమిటి?

ఇంటర్వ్యూలు మూడు అయ్యాయి. రెండు చోట్ల నోటీసు దగ్గరే ఆగింది. మూడోచోట రెండో రౌండ్ దాకా వెళ్ళాను. ఆ రాత్రి బ్రిడ్జి కాల్ కథ మొత్తం చెప్పాను, ఆయన లాగ్స్ గురించే ఇరవై నిమిషాలు అడిగాడు. తర్వాత ప్లేరైట్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ రాయమంటే సగంలో ఆగిపోయాను. రాలేదు. కానీ ఎక్కడ ఆగానో తెలుసు, ఆ రాత్రే కూర్చుని పూర్తి చేశాను.

పేపర్ ఇప్పుడు వేయడం లేదు. పాత కంపెనీ పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ కాలేదని తేలింది, పెట్టాను. నాన్న కార్డు వచ్చింది. జూలై 12 ఆదివారం పడింది. మే షిఫ్ట్ నిజంగా వస్తే ఒక లెక్క, రాకపోతే 13 సోమవారం పొద్దున్నే వేస్తానని మా ఆవిడకి చెప్పాను. క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టింది. పాప అది తన పుట్టినరోజా అని అడుగుతోంది.

మేనేజర్నే_చంపకండి

"ప్లాన్ చేస్తున్నాం" అంటే చేయట్లేదని. ఏప్రిల్ 15న గుర్తు చేస్తూ ఇంకో మెయిల్ పెట్టండి, నేర్పించిన ఇద్దరి పేర్లూ, ఎన్ని గంటలు నేర్పించారో రాసి. అప్పుడు కాదనడం కష్టం.

పాత_బెంచి

సగంలో ఆగిన స్క్రిప్ట్ ఇక్కడ పెట్టండి. నేనూ అక్కడే ఆగాను ఒకప్పుడు.

ఈఎంఐ_దాసు

జూలై 13 అందరం లాగిన్ అవుదాం. కేక్ మాత్రం పాపకే.